అత్తయ్యకు రాని అక్షరాలు

మా అత్తయ్య మాట్లాడేది. ఇంతకు మించిన పరిచయం ఆమెకు అక్కర్లేదు. మిగతా మనుషులు ఊపిరి పీల్చుకుంటూ మధ్య మధ్య మాట్లాడతారు. అత్తయ్య మాట్లాడుతూ, వీలు చిక్కితే ఊపిరి పీల్చుకునేది. ఎదురుగా మనిషి ఉంటే మనిషితో, లేకపోతే గోడ గడియారంతో. ఆ గడియారం ఎప్పుడూ కాస్త ఆలస్యంగా నడిచేది. బాగుచేసేవాడు దాన్ని విప్పి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ బిగించి, "లోపల లోపమేమీ లేదమ్మా. మీ మాటలు వినడానికి మధ్యలో ఆగుతున్నట్టుంది" అన్నాడు. ఇది నేను కల్పించలేదు. నేను కల్పించినవి ముందు ముందు వస్తాయి. వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది, వాటికి అందం ఎక్కువ.

మా మావయ్యది కళ్లజోళ్ల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. ముందు గదిలో బల్ల, బల్ల వెనక అత్తయ్య. వెనక గదిలో అద్దాలు అరగదీసే యంత్రం, దాని ముందు మావయ్య. రెండు గదులకీ మధ్య ఒక తెర ఉండేది గానీ దాన్ని ఎవరూ వేయగా నేను చూడలేదు. మావయ్య మాట్లాడేవాడు కాదు. ఎందుకు మాట్లాడడో ఊరికి తెలియదు, నాకు తెలుసు. ఆయన నోట్లో స్క్రూలు ఉండేవి. కళ్లజోడు కమ్మీలకు వేసే స్క్రూ ఆవగింజంత ఉంటుంది. కింద పడిందంటే మళ్లీ దాన్ని వెతకడానికి ఇంకో కళ్లజోడు కావాలి. అందుకని దర్జీలు గుండుసూదులు పెట్టుకున్నట్టు ఆయన వాటిని పెదాల మధ్య పెట్టుకునేవాడు. నోట్లో స్క్రూలున్న మనిషి ఏమంటాడు? "ఊ" అంటాడు. ఆ "ఊ"లో ఊరు ఊరంతా వేదాంతం విన్నది.

"మహా మేధావండీ. ఒక్క మాట తూలడు."

"అంతటి మనిషికి ఈ వసపిట్ట దొరికింది, ఏం చేస్తాం!"

మా అమ్మ సొంత అన్న మీది అభిమానంతో దీనికి సామెత కూడా తగిలించింది. "నిండుకుండ తొణకదురా. మా అన్నయ్య నిండుకుండ. మా వదిన మంచిదే పాపం, కానీ తొణుకుతుంది."

నన్ను ఆ దుకాణంలో పెట్టింది కూడా అమ్మే. తొమ్మిదో తరగతి మధ్యలో నేను బడికి సెలవిచ్చేశాను. చదువు నాకు అబ్బలేదని మా పెద్ద మాస్టారు చెప్పుకు తిరుగుతారు గానీ, అసలు సంగతి వాళ్ల దగ్గర నాకు సరిపడా పాఠాలు లేవు. "నిండుకుండ పక్కన కూర్చోరా. ఒక్క చుక్కైనా నీ మీద పడుతుంది" అంది అమ్మ.

"నిండుకుండ తొణకదన్నావు కదా. మరి చుక్క ఎలా పడుతుంది?" అన్నాను.

"అందుకే నీకు చదువు రాలేదు" అంది.

అత్తయ్య మాత్రం నన్ను చూసి సంబరపడిపోయింది. మొదటి రోజే నాకు పేరు పెట్టింది. "ఒరే బడాయీ, నువ్వు నీ గొప్పలు చెప్పుకో, నేను నా కష్టాలు చెప్పుకుంటాను. వచ్చినవాళ్లకి కాలక్షేపం. కళ్లజోళ్లు మీ మావయ్య చూసుకుంటాడు."

ఆమె మాటల బలం ఎంతటిదో ఒక్కటి చెబుతాను. ఒకసారి ఒక జేబుదొంగ దుకాణంలోకి దూరాడు. చెయ్యి ఇంకా బయటికి తీయకముందే అత్తయ్య, "రా నాయనా, కూర్చో. అలా కళ్లు చిట్లిస్తున్నావేం? తలనొప్పా? మీ అమ్మగారికీ ఉండేదా?" అని అందుకుంది. వాడు తన బాల్యంతో మొదలుపెట్టి జైలు దాకా చెప్పుకుని, కళ్లజోడు పెట్టించుకుని, ఆమెకు నమస్కారం పెట్టి వెళ్లాడు. చత్వారం పెరిగినప్పుడల్లా ఇప్పటికీ వస్తాడు. వృత్తి మాత్రం మానేశాడు. మొహాలు స్పష్టంగా కనిపిస్తుంటే జాలి వేస్తోందట.

అయితే అంత మాట్లాడే మనిషీ ప్రతి మాటకీ చివర ఒక తోక తగిలించేది. "నాకేం తెలుసండీ, మీరే చెప్పాలి." ఎవరేం మొదలుపెట్టినా ఇంతే. ఊళ్లో ఆమె తెలివి మీద ఉన్న అభిప్రాయానికి సగం కారణం ఆ తోకే.

మా పెద్ద మాస్టారు, అంటే నా చేత బడి మాన్పించిన ఆయనే, ఉద్యోగం నుంచి దిగిపోయాక వారం వారం దుకాణానికి వచ్చేవారు. కమ్మీ వదులైందనేవారు. కమ్మీకి ఏమీ అయ్యేది కాదు. అత్తయ్య దాన్ని లోపలికి పంపి, బల్ల మీద మోచేతులు ఆనించి, "మాస్టారూ, కన్ను కెమెరాలాంటిదంటారు కదా, అదెలాగండీ?" అని అడిగేది. ఆయన గొంతు సవరించుకుని, చేత్తో గాల్లో గుండ్రం గీసి, పాఠం చెప్పేవారు. "అవునా! బొమ్మ తలకిందులుగా పడుతుందా! మరి మనకి తలకిందులుగా ఎందుకు కనిపించదండీ?" అనేది. మాస్టారు ఆ ప్రశ్నకు మురిసిపోయి ఇంకో గంట చెప్పేవారు. మళ్లీ వారం అదే ప్రశ్న, అదే పాఠం, అదే "అవునా!"

బయటికి వెళ్తూ ఆయన నాతో, "ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదురా మీ అత్తయ్యకి. నీకు తగ్గ చోటే దొరికింది" అనేవారు. నేను అత్తయ్య మీద చిరాకుపడేవాడిని. "అన్నిసార్లు విన్నావు, నాకే కంఠతా వచ్చేసింది, నీకు గుర్తుండదా?"

"ఏమోరా. ఆయన చెబుతుంటే ఎంత బాగుంటుందో!" అనేది, అద్దాలు తుడుస్తూ.

ఇక అసలు సంగతి, అక్షరాల అట్ట. కళ్ల పరీక్షకు ప్రతి దుకాణంలోనూ ఉంటుంది కదా, పైన ఏనుగంత అక్షరం, కింద చీమలంత అక్షరాలు. మా దుకాణంలో ఆ అట్ట గోడకు ఉండేది, ఎదురుగా కుర్చీ. కొందరు కుర్చీలో కూర్చోగానే అత్తయ్య అడగకుండానే మొదలుపెట్టేది. "ఆ అట్ట సంగతి మాత్రం నన్నడక్కండి బాబూ. అవి నాకు రావు. ఎవరో మసి చేతులు తుడిచినట్టు ఉంటుంది నాకు. మీకేమైనా వచ్చా?"

కూర్చున్నవాళ్లు ఒక్క క్షణం ఆమె వైపు చూసి, భుజాలు దించి, నవ్వేవాళ్లు. "నాకూ రావమ్మా."

"హమ్మయ్య! తోడు దొరికారు. అయితే కుర్చీ ఇటు తిప్పండి. ఆ పిల్లిని చూద్దాం."

వీధికి అవతల దర్జీ దుకాణం. దాని కిటికీలో ఒక పిల్లి రోజంతా పడుకుని ఉండేది. మావయ్య ఒక్కో అద్దం మార్చి పెడుతుంటే అత్తయ్య అడుగుతూ ఉండేది. "పిల్లి కనిపిస్తోందా? మీసాలో? కళ్లు తెరిచిందా, మూసిందా? ఇప్పుడో?" "ఇప్పుడు కనిపిస్తోందమ్మా, ఆవులిస్తోంది!" చత్వారానికైతే సూదిలో దారం ఎక్కించమనేది. మా ఊళ్లో సగం మంది చూపు ఆ పిల్లి మీసాల మీద నిలబడి ఉంది. అది చచ్చిపోయినప్పుడు కళ్ల డాక్టర్లు సంతాప సభ పెట్టారు. ఇదిగో, ఇది నేను కల్పించింది.

ఇలా ఉండగా మా దుకాణానికి అల్లుడుగారు వచ్చారు. మావయ్య కూతుర్ని చేసుకున్నాయన, నాకు అన్నయ్య వరస. ఏదో పెద్ద కంపెనీలో మనుషుల్ని కొలిచే ఉద్యోగం. ఉద్యోగానికి వచ్చినవాళ్లను ప్రశ్నలడిగి, వీడు ఏ రకం, వాడు ఏ రకం అని తేలుస్తారట. సెలవు పెట్టి అత్తారింటికి వచ్చినా కొలవడం మానలేదు.

"మనుషులు రెండు రకాలు, అత్తయ్యగారూ. లోపలికి చూసేవాళ్లు, బయటికి చూసేవాళ్లు. లోపలికి చూసేవాళ్లు తక్కువ మాట్లాడతారు, ఎక్కువ ఆలోచిస్తారు. లోతు వాళ్లది."

"మా దగ్గరకు వచ్చేవాళ్లూ రెండు రకాలే బాబూ. దగ్గరిది కనిపించనివాళ్లు, దూరానిది కనిపించనివాళ్లు. ఇద్దరికీ అద్దాలు కావాల్సిందే. నాకేం తెలుసులెండి, మీరే చెప్పాలి."

ఆయన ఆమెను కొలవడానికి కూర్చున్నారు. "ఖాళీ సమయంలో మీకు ఒంటరిగా ఉండటం ఇష్టమా, పదిమందిలోనా?" అని ఒక్క ప్రశ్న వేశారు. జవాబు సాయంత్రం దాకా సాగింది. అందులో మా తాతగారి పెళ్లి, దర్జీ పిల్లి కాన్పు, అల్లుడుగారి చిన్నప్పటి జ్వరం కూడా వచ్చాయి. చివరికి ఆయన నీరసించి, "మంచి మనసు, కానీ లోతు తక్కువ" అని తేల్చారు. మావయ్యనూ అడిగారు. మావయ్య నోట్లో స్క్రూలు. "ఊ." రెండో ప్రశ్న. "ఊ." అల్లుడుగారి కళ్లు చెమ్మగిల్లాయి. "ఇంత లోతైన మనిషిని నా ఉద్యోగంలో చూడలేదు" అన్నారు.

ఆ తర్వాత దుకాణం బాగుచేసే పథకం వేశారు. దుకాణంలో గోల తగ్గాలి, ప్రశాంతత ఉండాలి, బల్ల దగ్గర తక్కువ మాట్లాడే మనిషి ఉండాలి. సెలవు అయ్యేదాకా ఆ మనిషి ఆయనే. అత్తయ్య పైన ఇంట్లో విశ్రాంతి తీసుకోవాలి. నన్ను ఉంచారు గానీ, నోరు తెరవకూడదన్న షరతు మీద.

నేను మావయ్య వైపు చూశాను. ఆయన పెదాల మధ్య స్క్రూలు కదిలాయి. ఏదో అనబోయాడు. ఈలోగా అత్తయ్యే, "నిజమే బాబూ, నా నోటికీ కాస్త సెలవు కావాలి" అని నవ్వి, కొంగుతో బల్ల ఒకసారి తుడిచి, మెట్లెక్కి వెళ్లిపోయింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. అది నేను చూశాను.

దుకాణం ప్రశాంతంగా మారింది. ఎంత ప్రశాంతంగా అంటే, యంత్రం ఆగినప్పుడు వీధి అవతల పిల్లి గురక వినిపించేది. మావయ్య పని తారుమారైంది. కుడి కంటి అద్దం ఎడమ కంటికి బిగించాడు. మాటిమాటికీ తల ఎత్తి బల్ల వైపు చూసేవాడు. ఆ చూపులో ఒకసారి స్క్రూ మింగేశాడు కూడా. అల్లుడుగారు దాన్ని కూడా ధ్యానం అనుకున్నారు.

అప్పుడు వచ్చింది ఇస్త్రీ చేసే ఆవిడ. ఈమధ్య చొక్కా కాలర్లు మాడుతున్నాయనీ, మడత ఎక్కడుందో కనిపించడం లేదనీ, ఇలాగైతే ఇళ్లవాళ్లు బట్టలివ్వడం మానేస్తారనీ గుమ్మంలోనే చెప్పింది. అల్లుడుగారు మర్యాదగా కుర్చీ చూపించి, అట్ట వైపు చెయ్యి చాపి, "చదవండి" అన్నారు.

ఆవిడ అట్టను చూసింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"పై వరుస చదవండి."

ఆవిడ తల దించుకుంది. ఆయన అద్దాలు మార్చారు, లాంతరంత పెద్ద అక్షరం మీద వేలు పెట్టారు. ఆవిడ గొంతులోంచి ఒక్క మాట రాలేదు. అల్లుడుగారి మొహం గంభీరంగా మారింది. "చూపు బాగా దెబ్బతిన్నట్టుందమ్మా. ఇక్కడ కుదరదు. పెద్దాసుపత్రికి వెళ్లండి."

ఆవిడ లేచి, గోడ పట్టుకుని బయటికి నడిచింది. వచ్చేటప్పుడు గోడ పట్టుకోలేదు. గుమ్మం మెట్టు మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టింది.

పైన కిటికీ ధన్‌మని తెరుచుకుంది. "ఏమైంది పిల్లా?"

"నాకు కళ్లు పోయాయటమ్మా!"

అత్తయ్య మెట్లు దిగిన వేగం నేను చెబితే మీరు నమ్మరు. ఆమె దిగేశాక కూడా చెప్పుల చప్పుడు ఇంకా మెట్ల మీదే ఉంది.

"ఎవరన్నారు?"

"లోపల బాబుగారు. ఆ అట్ట చదవమన్నారు. నేను..." అని ఆగిపోయింది ఆవిడ.

అత్తయ్య గట్టిగా నవ్వింది. "ఆ అట్టా! ఓసి పిచ్చిదానా, అది నాకూ చదవరాదు! నాకూ కళ్లు పోయినట్టేనా? ఇన్నేళ్లుగా ఇదే దుకాణంలో కూర్చుని కూడా ఒక్క ముక్క నేర్చుకోలేదు, నా అంత మొద్దు ఎక్కడైనా ఉంటుందా?"

"మీకూ రాదా అమ్మా?"

"ఒట్టు. రా, లే. పిల్లిని చూద్దువుగాని."

కుర్చీ వీధి వైపు తిరిగింది. మావయ్య అద్దాల పెట్టెతో పరుగున వచ్చాడు. పిల్లి, మీసాలు, ఆవులింత. తర్వాత సూది, దారం. చత్వారం, అంతే. ఇస్త్రీ ఆవిడ సూదిలో దారం ఎక్కించి, అదేదో కొండ ఎక్కినట్టు చుట్టూ అందరినీ చూసింది. ఆ పైన అత్తయ్యా ఆవిడా ఇద్దరూ కలిసి అట్టను తిట్టుకున్నారు. "ఆ మూలది చూడమ్మా, తేలులా లేదూ?" "తేలే! పక్కది దాని పెళ్లాం."

అల్లుడుగారు వెనక గదిలోకి వచ్చి గొంతు తగ్గించి అడిగారు. "మావయ్యగారూ, అత్తయ్యగారికి అక్షరాలు రావా? సంబంధం మాట్లాడేటప్పుడు ఎవరూ చెప్పలేదే!"

మావయ్య నోట్లోంచి స్క్రూలు తీశాడు. ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టుకున్నాడు. ఆయన పళ్లు నేను సరిగ్గా చూడటం అదే మొదలు.

"ఆ అట్ట రాసింది ఆవిడే" అన్నాడు.

అల్లుడుగారు నోరు తెరిచారు. నేను అంతకు ముందే తెరిచి ఉన్నాను.

"దుకాణం పెట్టినప్పుడు తెప్పించిన అట్టలో కొలతలు తప్పాయంది. స్కేలు పెట్టి, వరుస వరుసకీ లెక్క కట్టి, కుంచెతో తనే రాసింది. అద్దాల పవరు లెక్కలు నాకు నేర్పిందీ తనే."

"మరి రాదని ఎందుకంటారు?"

"అందరితో అనదు కదా. రానివాళ్లు వచ్చినప్పుడే అంటుంది."

మావయ్య స్క్రూలు మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. అల్లుడుగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నా ఉద్దేశంలో ఆయన కాస్త లోతుగా కనిపించింది ఆ ఒక్కసారే. ఆ సాయంత్రం ఆయనే అత్తయ్యను చెయ్యి పట్టుకుని బల్ల వెనక కూర్చోబెట్టి, "మీరు ఏ రకమో నా లెక్కకు అందడం లేదండీ" అన్నారు.

"అసలు ఎన్ని రకాలుంటాయి బాబూ? నాకేం తెలుసు, మీరే చెప్పాలి" అంది అత్తయ్య, మోచేతులు బల్ల మీద ఆనించి. ఆయన వద్దు వద్దంటూనే మొదలుపెట్టి, వీధి దీపాలు వెలిగేదాకా చెప్పారు. "అవునా!" అంటూ ఉంది ఆమె.

అత్తయ్య పోయాక మా గోడ గడియారం సరిగ్గా నడుస్తోంది. ఒక్క నిమిషం కూడా వెనకబడదు. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

బల్ల వెనక ఇప్పుడు నేను. నాకు మాటలు రావా? జేబుదొంగ కథకు ఇంకో ఇద్దరు దొంగల్ని కలిపాను. పిల్లికి పులి చుట్టరికం అంటగట్టాను. వచ్చినవాళ్లు నవ్వుతారు. కానీ మావయ్య తల ఎత్తడు. నా మాటల్లో అంతా నేనే ఉంటాను. ఆమె మాటల్లో ఎదుటివాళ్లకు కుర్చీ వేసి ఉండేది. మధ్యాహ్నం ఎండ బల్ల మీదికి జరిగే వేళకు ఎవరో "అవునా!" అన్నట్టు అనిపించి తిరిగి చూస్తాను. తెర కదులుతూ ఉంటుంది, గాలికి.

మావయ్య స్క్రూలు నోట్లో పెట్టుకోవడం మానేశాడు. చిన్న పళ్లెంలో పోసుకుంటున్నాడు. ఒకరోజు అడిగాను. "ఇలా పళ్లెంలో పెట్టుకోవచ్చని అప్పుడు తెలియదా మావయ్యా? అన్నేళ్లు నోరు కట్టేసుకుని కూర్చున్నావు?"

"పళ్లెంలో పెట్టుకుంటే నోరు ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు పలకరిస్తారు. మాట్లాడాల్సి వస్తుంది" అన్నాడు.

"వస్తే?"

"మాట్లాడుతుంటే ఆవిడ మాట వినపడదు కదరా."

ఇప్పుడు వినడానికి ఏమీ లేదు, అందుకే పళ్లెం. నేను పళ్లెం వైపు చూశాను, ఆయన యంత్రం వైపు చూశాడు.

మొన్న ఒక తాపీ మేస్త్రీ వచ్చాడు. గోడ నిటారుగా ఉందో లేదో తెలియడం లేదట, కిందటి వారం కట్టిన గోడ పడగొట్టించారట. కుర్చీలో కూర్చున్నాడు. అట్ట చూశాడు. చొక్కా చేతులు సర్దుకున్నాడు. "ఇక్కడ వెలుతురు తక్కువగా ఉంది బాబూ" అన్నాడు. ఎండ ఆయన మొహం మీదే పడుతోంది.

నాకు అర్థమైంది. అయితే చిక్కేమిటంటే, పక్క కుర్చీలో మా పెద్ద మాస్టారు కూర్చుని ఉన్నారు, వదులు కాని కమ్మీతో. ఆ మనిషి ముందు నేను ఇన్నేళ్లుగా, బడి మానింది తెలివి ఎక్కువై అని వాదిస్తూ వచ్చాను. ఆయన ముందు ఓడిపోవడం కన్నా ఆయన కమ్మీ మింగేయడం నయం.

మేస్త్రీ లేవబోయాడు.

"ఆ అట్ట సంగతి నన్నడక్కండి" అన్నాను. గొంతు కాస్త పెద్దదే వచ్చింది. "అవి నాకు రావు."

మేస్త్రీ మళ్లీ కూర్చున్నాడు. "మీకూ రావా?"

"ఒక్క ముక్క రాదు. బళ్లోంచి పారిపోయి వచ్చినవాడిని. ఆ మూలది చూశారా, తేలులా లేదూ?"

మేస్త్రీ నవ్వాడు. కుర్చీ తిప్పాను. దర్జీ కిటికీలో ఇప్పుడు ఆ పిల్లి మనవరాలు పడుకుంటుంది. తాతల వృత్తి వదల్లేదు, అదీ ఆవులించింది.

మాస్టారు మాత్రం కళ్లజోడు లేకుండానే నన్ను తేరిపార చూశారు. ఆయన మొహంలో ఎన్నాళ్లకో గెలిచిన వెలుగు. "చూశావా, ఒప్పుకున్నావు! నేను అప్పుడే చెప్పాను, వీడికి నోరు తప్ప బుర్ర లేదని! అచ్చం మీ అత్తయ్యే!"

నా జీవితంలో నాకు చాలా బిరుదులు వచ్చాయి, చాలావరకు నేనే ఇచ్చుకున్నాను. అడగకుండా వచ్చింది ఇదొక్కటే. మోచేతులు బల్ల మీద ఆనించాను.

"నిజమే మాస్టారూ. అవునూ, కన్ను కెమెరాలాంటిదంటారు కదా. అదెలాగండీ?"

ఆయన గొంతు సవరించుకున్నారు. గాల్లో గుండ్రం గీశారు. "బొమ్మ తలకిందులుగా పడుతుందిరా..."

"అవునా!" అన్నాను.

వెనక గదిలో పళ్లెం చప్పుడైంది. తిరిగి చూశాను. మావయ్య పళ్లెంలోంచి స్క్రూలు తీసి, ఒక్కొక్కటే పెదాల మధ్య పెట్టుకుంటున్నాడు.

"మావయ్యా, మేస్త్రీగారి అద్దాలు సాయంత్రానికి అవుతాయా?" అని కేకేశాను.

"ఊ" అన్నాడు.